ఇరిగితేనే ప్రమాదమా? అరిగితే కాదా?

పొద్దుగూకినాక మన సముద్రం వైపు ఊళ్లలో యాడన్నా ఒక మెడికల్ షాపు కాడ అరగంట నిలబడుకోండి. ముత్తుకూరు కావచ్చు, అల్లూరు కావచ్చు, ఇందుకూరుపేట కావచ్చు. ఎవురెవురు వస్తారో, ఏం అడగతారో ఇనండి. నాట్లకి పోయొచ్చిన అత్త వస్తాది. రొయ్యలు వలిచే షెడ్డు నుంచి చెల్లెలు వస్తాది. గోడౌన్ కాడ బస్తాలు మోసిన అన్న వస్తాడు. పోర్టు లోడు దించొచ్చిన లారీ డ్రైవర్ వస్తాడు. పనులు వేరు, వయసులు వేరు. అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, ఒళ్లు నొప్పులకి రెండు బిళ్లలు ఇయ్యి." షాపాయన డాక్టర్ చీటీ అడగడు, నొప్పి యాడని గూడా అడగడు. కత్తెరతో కత్తిరించి రెండు బిళ్లలు చేతిలో పెడతాడు.

ఆ రోజు వీళ్లలో ఎవురికీ ప్రమాదం జరగలేదు. కాలు ఇరగలేదు, వేలు తెగలేదు. గాబట్టి పేపర్లో వార్త రాదు, ఏ ఆఫీసు రిజిస్టర్‌లోనూ ఎక్కదు. కానీ అంతమంది ఒళ్లు ఆ రోజుకి రవంత రవంత అరిగింది. రేపు ఇంకో రవంత అరగతాది. పదేళ్లకి ఆ అత్త ఒంగితే లెయ్యలేదు, ఆ అన్న బస్తా ఎత్తలేడు. అప్పుడు మనం ఏమంటాం? "వయసైపోయింది", "ఒంట్లో సత్తువ లేదు", "ఆ తిండి యాడుంది ఇప్పుడు" అంటాం. పని చేసిన నష్టాన్ని మడిసి మీదకి నెట్టేస్తాం.

ఒక్కసారిగా ఇరిగితే ప్రమాదం, మెల్లగా అరిగితే తలరాత. ఈ లెక్క తప్పు. ఇప్పుడే దీని గురించి ఎందుకు మాట్లాడాలంటే, మన పని గంటలు, విరామాలు మార్చే చట్టాలు ఈ మధ్యనే వచ్చాయి. వాటి రూల్స్ మన నడుం మీదే పడబోతున్నాయి.

ఏ పనిలో ఏం అరగతాది

ముందు పని ఒంటిని ఎట్టా అరగదీస్తాదో చూద్దాం. బరువు, ఒంపు, ఒకే కదలిక మళ్లీ మళ్లీ చెయ్యడం, విశ్రాంతి లేకపోవడం. ఈ నాలుగే అసలు శత్రువులు. ఎండ, చలి, అదురు, నిద్ర లేకపోవడం వీటికి తోడు దొంగలు.

బరువు సంగతి చూడండి. మన నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. 20 పుట్ల లోడు అంటే 17,000 కిలోలు. ఆరుగురు హమాలీలు ఎక్కిస్తే ఒక్కొక్కడి వీపు మీద పోయింది దగ్గర దగ్గర మూడు టన్నులు. ధాన్యం బస్తా 75 కిలోలనుకుంటే, పుట్టికి పదకొండు బస్తాలు దాటతాయి. ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. అమెరికాలో పని ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ ఉండాది. చేత్తో ఎత్తే బరువుకి వాళ్లు వేసిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు గూడా హద్దు 23 కిలోలే. బరువు ఒంటికి దూరంగా ఉన్నా, నేల మీద నుంచి ఎత్తాల్సొచ్చినా, మళ్లీ మళ్లీ ఎత్తినా ఆ 23 ఇంకా తగ్గతాది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ 1967లోనే, ఒక మగమడిసి మోసే బరువు 55 కిలోలు దాటతా ఉంటే తొందరగా ఆడికి దించమని సిఫారసు చేసింది. యాభై ఏళ్లు దాటిపోయింది. మన బస్తా మాత్రం ఇంకా దిగలేదు.

ఒంపు సంగతి. నాటేటప్పుడు చేతిలో ఉండేది పిడికెడు నారే. బరువు ఏముందిలే అనిపిస్తాది. కానీ మడిసి బరువులో సగానికి పైగా నడుం పైనే ఉండాది. ఒంగినంతసేపు ఆ బరువంతా వీపు కండరాలు, వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు పట్టుకోనుండాలి. మన ఆడోళ్లు కయ్యలో దిగి పొద్దన్నుంచి సాయంత్రం దాకా అట్టానే ఉంటారు. ఎకరాకి ఇంత అని గుత్త మాట్లాడుకుంటే ఇంకా ఘోరం. లేచి నడుం సారిస్తే డబ్బులు పోతాయని సారించరు. గుత్త పనిలో మేస్త్రి అరవాల్సిన అవసరం గూడా లేదు, మన అవసరమే మనల్ని తోలతాది.

మళ్లీ మళ్లీ చేసే కదలిక సంగతి. రొయ్యల షెడ్డులో తల తుంచడం, పెంకు వలవడం చూసుంటారు. లెక్క కోసం అనుకుందాం: 50 కౌంట్ రొయ్య, అంటే కిలోకి 50. ఒకామె రోజుకి 30 కిలోలు వలిస్తే 1,500 రొయ్యలు. ఒక్కో దానికి మణికట్టు రెండుసార్లు తిప్పినా 3,000 సార్లు. అదీ ఐసు నీళ్లలో తడిసిన వేళ్లతో. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేళ్లు మొద్దుబారతాయి, మొద్దుబారిన వేళ్లతో పట్టు కోసం ఇంకా గట్టిగా నొక్కాలి. అట్టా నరం ఒత్తుకోని, రాత్రి నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తాది. దాన్ని "వాతం" అని కొట్టేస్తాం. ఆంధ్రాలో ఇట్టాంటి షెడ్ల పరిస్థితి మీద 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ రాసినాక ప్రపంచం రవంత మాట్లాడింది. మన ఊళ్లో మాత్రం ఇది ఎప్పుడూ వార్త కాలేదు.

విశ్రాంతి సంగతి. రొయ్యల గుంట కాడ కాపలా ఉండే పిల్లోడిని అడగండి. మేత బస్తాలు మొయ్యడం ఒక ఎత్తు, రాత్రి నిద్ర ఇంకో ఎత్తు. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గతాది. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నిమిషాల్లో జనరేటర్ ఏసుకోవాలి. లేకపోతే ఓనర్ లక్షలు నీళ్లలో కలుస్తాయి, మాట ఆ పిల్లోడికి వస్తాది. పడుకున్నా చెవి మోటారు శబ్దం మీదే ఉంటాది. దీన్నే ఇంగ్లీషోళ్లు స్ట్రెస్ అంటారు. ఆఫీసుల్లో ఏసీ రూముల్లో వచ్చేదే స్ట్రెస్ అనుకుంటే పొరపాటు. గుంట గట్టు మీద, మంచం కోళ్ల మధ్య గూడా అది ఉండాది.

ఇంకా చెప్పాలంటే ఒడ్డున అలివి వల లాగే వాళ్ల భుజాలు, ఇసుకలో బోటు నెట్టే నడుములు, ఇసకపల్లి వైపు ఉప్పు పోగుచేసే కాళ్ల పగుళ్లు, గతుకుల్లో లారీ సీటు మీద గంటల తరబడి అదిరే వెన్నుపూసలు. తడ, శ్రీసిటీ వైపు బస్సెక్కే అమ్మాయిల సంగతి వేరేగా చెప్పాలి. ఆ మండలాలు 2022లో తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ బస్సులు మన వైపు ఊళ్లకీ వస్తాయి. తెల్లారకముందే లేచి బస్సెక్కాలి, లైన్‌లో నిలబడాలి, టార్గెట్ చూసుకోవాలి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి కాడ నిలబడాలి. ఆడబిడ్డకి షిఫ్టు రెండు: ఒకటి జీతానిది, రెండోది జీతం లేనిది. రెండో దాన్ని ఎవురూ లెక్కలో ఎయ్యరు.

గంటలు పెరిగితే ఏం పెరగతాది

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని గంటల హద్దుని 9 నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది. సెప్టెంబరులో శాసనసభలో బిల్లు పాసయింది. అందరూ 10 గంటల గురించే మాట్లాడారు. దాంట్లోనే ఇంకో రెండు మార్పులు ఉండాయి, అవి బో ముఖ్యం. ఒకటి: ఇంతకుముందు ఎడతెరిపి లేకుండా ఐదు గంటలకి మించి పని చేయించగూడదు, మధ్యలో విరామం ఇవ్వాల. ఆ ఐదుని ఆరు చేశారు. రెండు: మూడు నెలల్లో ఓవర్‌టైం హద్దు 75 గంటలు ఉండేది, దాన్ని 144 చేశారు. ఆడోళ్లు ఒప్పుకుంటే రాత్రి షిఫ్టులు గూడా చెయ్యొచ్చన్నారు.

ప్రభుత్వం చెప్పేది గూడా న్యాయంగా ఇనాలి. పెట్టుబడులు రావాల, ఉద్యోగాలు రావాల అంటుండాది. వారానికి 48 గంటల హద్దు అట్టానే ఉండాదని, ఓవర్‌టైంకి రెట్టింపు జీతం ఉండాదని చెప్తుండాది. ఆడోళ్లకి రాత్రి పని వద్దనడం వాళ్ల అవకాశాల్ని కొయ్యడమేనని కొందరు ఆడోళ్లే అంటుండారు. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. మన ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నోళ్లకి ఆ బస్సు ఆగడమే ఒక పండగ.

కానీ ఒంటికి వారం లెక్క తెలవదు, రోజు లెక్కే తెలుసు. అలసిన కండరం గంట గంటకీ ఒకే మాదిరి అలవదు. ఆరో గంట మొదటి గంట మాదిరి ఉండదు. మొదటి నాలుగైదు గంటల్లో వచ్చిన అలుపుని విరామం తీర్చాల. తీర్చకుండా దాని మీద ఇంకో గంట ఎక్కిస్తే, అరుగుదల అప్పు మీద వడ్డీ మాదిరి పెరగతాది. అందుకే 10 గంటల కంటే నాకు భయం ఆ ఐదుని ఆరు చేసిన లైను. పేపర్లో చిన్నగా వచ్చిన ఆ లైను, నిలబడుకోని పనిచేసే వాళ్ల పాదాల్లో పెద్దగా వినిపిస్తాది.

ఇది నా ఒక్కడి భయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐఎల్ఓ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసే వాళ్లకి, 35-40 గంటలు చేసే వాళ్లతో పోలిస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. ఎక్కువ గంటల పని వల్ల 2016 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది చనిపోయారని తేల్చాయి. 48 గంటలకి ఓవర్‌టైం కలిపి, రానుపోను బస్సు గంటలు కలిపి, ఇంటిపని కలిపి చూసుకోండి. మనోళ్లు ఎంతమంది ఆ 55 దాటతారో మీకే తెలుస్తాది.

దీని తర్వాత 2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. వాటిలో ఒకటి పని చోట భద్రత, ఆరోగ్యం గురించి. పాత 1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చింది ఇదే. ఈ కోడ్ రోజుకి 8 గంటలే అంటుండాది. విరామాలు, ఓవర్‌టైం లాంటివి ప్రభుత్వం పెట్టే రూల్స్‌కి వదిలింది. అంటే చివరికి ఆ రూల్స్‌లో ఏం రాస్తారో దాని మీదే మన నడుం ఆధారపడి ఉండాది. చట్టం సభలో పాసయితే అందరూ చూస్తారు, రూల్ గెజిట్‌లో వస్తే ఎవురూ చూడరు. మనం చూడాల్సింది ఆడే.

చట్టంలో ఉన్నది, చట్టంలో లేనిది

మనోళ్లకి శానామందికి తెలవని సంగతి ఒకటి చెప్తా. నిలబడుకోని పని చేసే వాళ్లకి కూచునే ఏర్పాటు ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. కొత్త కోడ్ 24వ సెక్షన్‌లో గూడా ఆ మాట ఉండాది. దెబ్బ తగిలేంత బరువు ఎవురి చేతా ఎత్తించగూడదని పాత చట్టం 34వ సెక్షన్ చెప్పింది. అంటే స్టూలు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది డెబ్బై ఏళ్ల నాటి హక్కు. సూపర్‌వైజర్‌కి తెలవకపోవచ్చు, మనకి తెలిసుండాల.

ఇప్పుడు లేనిది చెప్తా. పని వల్ల వచ్చే జబ్బుల్ని ఫ్యాక్టరీ వాళ్లు ప్రభుత్వానికి తెలపాలని ఒక జాబితా ఉండాది. దాంట్లో 29 జబ్బులు. సీసం విషం ఉండాది, రాతిపొడితో వచ్చే సిలికోసిస్ ఉండాది, శబ్దం వల్ల వచ్చే చెవుడు ఉండాది. నడుం నొప్పి లేదు. భుజం పట్టెయ్యడం లేదు. మణికట్టు నరం ఒత్తుకోవడం లేదు. ఐఎల్ఓ 2010లో సవరించిన జాబితాలో మాత్రం కండరాలు, కీళ్ల జబ్బులకి ఒక భాగమే ఉండాది. మణికట్టు నరం జబ్బుని పేరు పెట్టి మరీ చేర్చారు. ఆడ జబ్బు, ఈడ సోమరితనం. లెక్కలో లేని నొప్పికి నష్టపరిహారం ఉండదు, నష్టపరిహారం లేని నొప్పిని తగ్గించాలని ఎవురికీ అనిపించదు. మొత్తం గొలుసు ఆడ మొదలవతాది.

ఇంకోటి. ఈ కోడ్ మామూలుగా పదిమంది, అంతకు పైన పనిచేసే చోట్లకే. ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే కరెంటుతో నడిస్తే 20 మంది, కరెంటు లేకపోతే 40 మంది ఉండాల. పెరట్లో రేకుల షెడ్డు ఏసి ఆరేడుమందితో రొయ్యలు వలిపించే వాడికి, కయ్యలోకి దిగే నాటు ముఠాకి, నలుగురెక్కే బోటుకి చట్టం చూపు ఆనదు. మన కోస్తాలో శానా పని అట్టాంటి చోట్లే జరగతాది.

40 దాటిన కార్మికులకి యేటా ఉచితంగా వైద్య పరీక్షలు చేయిస్తామని కేంద్రం చెప్పింది. మంచిదే. కానీ పద్దెనిమిదేళ్లకి మూటెత్తిన వాడి నడుం 40కి పరీక్షకి వచ్చేటప్పటికి చూడ్డానికి ఏం మిగలతాది? పరీక్ష మొదలవ్వాల్సింది పనిలో చేరిన రోజు.

బిళ్ల పనిని మార్చదు

మన కాడ ఇప్పుడు నడిచే నివారణ ఒకటే: బిళ్ల, ఇంకా నొప్పయితే ఆరెంపీ కాడ సూది. సాయంత్రం ఇంకో రకం మందు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు ఎప్పుడో ఒకసారి వేసుకోవడం వేరు, రోజూ వేసుకోని ఎండలోకి పోవడం వేరు. చెమటకి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేదే తక్కువ, ఈ బిళ్లలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. కడుపులో పుండ్లు గూడా పడతాయి. రోహిణి కార్తె ఎండలో పనిచేస్తా రోజూ బిళ్ల మింగే వాడు నడుం నొప్పిని కిడ్నీకి బదలాయించుకుంటున్నట్టే. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉండాది. నొప్పి అనేది ఒళ్లు కొట్టే గంట. బిళ్లేసి ఆ గంట నోరు మూసేసి, రేపు మళ్లీ అదే బరువు ఎత్తతాం.

"సరిగ్గా ఎత్తడం నేర్చుకోవాల, మోకాళ్లు ఒంచి ఎత్తాల" అని వీడియోలు తిరగతా ఉంటాయి. మంచి అలవాటే. కానీ దాంతో సరిపోతాదా? వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సమీక్ష, ఎత్తే పద్ధతి మీద ఒట్టి శిక్షణ, సలహాలు ఇస్తే నడుం నొప్పి తగ్గినట్టు రుజువు లేదని తేల్చింది. కారణం మనకి తెలిసిందే. 75 కిలోల బస్తాని ఎట్టా ఎత్తినా అది 75 కిలోలే. మారాల్సింది మడిసి కంటే ముందు బస్తా.

మరి మార్చొచ్చా? మార్చొచ్చు. రాకెట్ ఏమీ అక్కర్లేదు. బస్తా 25 కిలోలు చెయ్యొచ్చు, రొయ్యల మేత కంపెనీలు ఆ సైజులో ఎప్పట్నుంచో అమ్ముతుండాయి. గోడౌన్‌లో రెండు చక్రాల తోపుడు బండి పెట్టొచ్చు. రొయ్యలు వలిచే బల్లని మోచేతి ఎత్తుకి లేపొచ్చు, కాళ్ల కింద తడి తగలకుండా చెక్క పలక ఎయ్యొచ్చు, లోపల నూలు గ్లవుజు పైన రబ్బరు గ్లవుజు ఇయ్యొచ్చు, గంటకోసారి చేతులు పెట్టుకోను గోరువెచ్చటి నీళ్లు ఉంచొచ్చు. రెండు గంటలకోసారి వలిచే వాళ్లని తూకానికి, తూకం వాళ్లని వలవడానికి మార్చొచ్చు. నాట్ల కాడ డ్రమ్ సీడర్‌తో నిలబడుకోనే విత్తనం ఎయ్యొచ్చు. ఒడ్డున బోట్లు లాగను ఊరందరికీ ఒక ట్రాక్టరో, చేతితో తిప్పే వించో పెట్టుకోవచ్చు. ఎండాకాలం పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపొచ్చు.

డ్రమ్ సీడర్ వస్తే నాటు కూలోళ్ల పని పోతాది గదా అని మీరు అడగొచ్చు. నిజమే, ఆ ప్రశ్న కొట్టేసేది కాదు. నడుం మిగిలి పొట్ట ఖాళీ అయితే ఏం లాభం? అందుకే ఆ యంత్రం ఎవురి చేతిలో ఉండాది అనేది ముఖ్యం. ఒక్క పెద్ద రైతు కొంటే కూలోళ్లు రోడ్డు మీద పడతారు. నాటు ముఠాలోని ఆడోళ్లే డ్వాక్రా సంఘంగా కొని, బాడిగకి వాళ్లే నడిపితే పనీ ఉంటాది, నడుమూ ఉంటాది.

రేట్ల సంగతి గూడా దీంట్లోనే ఉండాది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం ఏసినప్పుడు రొయ్య రైతు గోల పెట్టాడు, ఎగుమతిదారు గోల పెట్టాడు. అందరి మాటా టీవీలో వచ్చింది. వలిచే ఆమె మాట రాలేదు. పైన రేటు తగ్గిన ప్రతిసారీ ఆ భారం మెట్టు మెట్టుకీ దిగతా దిగతా చివరికి కిలో వలుపు కూలి కాడ ఆగతాది. కూలి తగ్గితే ఆమె ఇంకో ఐదు కిలోలు ఎక్కువ వలవాల. అంటే దూరదేశంలో పెట్టిన సంతకం కూడా మణికట్టు మీదకే వచ్చి దిగతాది.

పక్కోళ్లు ఏం చేశారు

మనతో అయ్యేదా అనుకునే వాళ్లకి పక్క రాష్ట్రాలు చూపిస్తా. కేరళలో కోళికోడ్ బట్టల కొట్లలో పనిచేసే ఆడోళ్లు పొద్దంతా నిలబెడుతున్నారని లేచారు. సంఘం కట్టి ఏళ్ల తరబడి అడిగారు. 2018లో కొట్లలో కూచునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. అదే కేరళలో తలమూటల కార్మికులు మోసే బరువుని 75 కిలోల నుంచి 55 కిలోలకి తగ్గించాలని 2021లో మంత్రివర్గం నిర్ణయించింది.

ఇంకా దగ్గరది చెప్తా. తడ దాటి ఆరంబాకం పోతే తమిళనాడు. ఆడ 2023 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీల్లో 12 గంటల పనికి దారిచ్చే బిల్లు పాస్ చేశారు. సంఘాలు లేచాయి, కూటమిలోని పార్టీలే వద్దన్నాయి. మే డే నాటికి ముఖ్యమంత్రి ఆ బిల్లు ఎనక్కి తీసుకుంటున్నామని చెప్పాల్సొచ్చింది. అదే హైవే, అదే సముద్రగాలి. ఆ పక్క అడిగారు, ఈ పక్క మనం ఇన్‌స్టాలో రీల్ చూసి పైకి తోసేశాం. తేడా అంతే.

మనం ఏం అడగాల

పెద్ద పెద్ద మాటలొద్దు. నాలుగంటే నాలుగు అడుగుదాం.

ఒకటి, విరామం. కోడ్ కింద రాష్ట్రం పెట్టే రూల్స్‌లో ఐదు గంటల హద్దు మళ్లీ రావాల. నిలబడుకోని, ఒంగోని, ఐసులో చేతులు పెట్టి చేసే పనికి మధ్యమధ్యలో పది నిమిషాల చిన్న విరామాలు జీతంతో ఉండాల.

రెండు, బరువు. మార్కెట్ యార్డులు, ధాన్యం కొనే కేంద్రాలు ప్రభుత్వం చేతిలో ఉండే చోట్లు. పెద్ద బస్తా ముందు ఆడ ఆపాల. సర్కారే తగ్గిస్తే మిల్లర్లు గూడా దారికొస్తారు.

మూడు, లెక్క. నడుం, భుజం, మణికట్టు జబ్బుల్ని పని జబ్బుల జాబితాలో చేర్చాల. అంతకంటే ముందు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నొప్పితో వచ్చిన వాళ్లని "ఏం పని చేస్తావమ్మా?" అని ఒక్క మాట అడిగి రాసుకోవాల. ఆ ఒక్క కాలమ్ రెండేళ్లు రాస్తే, ఏ పని ఎవురిని అరగదీస్తుందో అదే చెప్పేస్తాది.

నాలుగు, చిన్న షెడ్లు. పదిమంది లేరని చట్టం వదిలేసిన చోట్లకి కూచునే బల్ల, గ్లవుజులు, తాగే నీళ్లు, మరుగుదొడ్డి అయినా పంచాయతీ లైసెన్సు షరతుల్లో పెట్టొచ్చు. గ్రామసభలో ఈ మాట ఎత్తను ఎవురి పర్మిషన్ అక్కర్లేదు.

ఇవి రావడానికి టైం పడతాది. అంతలోపు మనం చేసుకునేవి మనం చేసుకుందాం. కొత్త ఉద్యోగానికి పోతే జీతంతో పాటు "కూచోను ఉండాదా, బ్రేక్ ఎన్ని గంటలకి, ఈఎస్ఐ కడతారా" అని అడగండి. 21,000 లోపు జీతమయ్యి, పదిమంది పైన ఉండే కంపెనీ అయితే ఈఎస్ఐ మీ హక్కు. నొప్పి మొదలైన రోజు తారీకు ఫోన్‌లో రాసుకోండి, ఏ పనిలో వచ్చిందో రాసుకోండి. వేళ్లలో తిమ్మిరి, కాలిలోకి దిగే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే బిళ్ల కాదు, డాక్టర్. జిమ్‌కి పొయ్యే తమ్ముళ్లకి ఇంకో మాట: మీరు ముప్పై కిలోలు ఎత్తి ఫోటో పెడతారు, సెట్‌కీ సెట్‌కీ మధ్య రెస్ట్ తీసుకుంటారు. మీ నాయన డెబ్బై కిలోలు రెస్ట్ లేకుండా ఎత్తతాడు. కండ పెరగడానికీ అరగడానికీ మధ్య ఉన్నది ఆ రెస్టే.

ఇంట్లో గూడా చూసుకుందాం. రొయ్యల షెడ్డు నుంచి వచ్చిన అమ్మ చేత మళ్లీ బిందె మోయిస్తే, షెడ్డు ఓనర్‌కీ మనకీ తేడా ఏముంది?

రేపు సాయంత్రం ఆ మెడికల్ షాపు కాడికి మళ్లీ అదే అత్త వస్తాది, అదే రెండు బిళ్లలు అడగతాది. ఈ తూరి పక్కన మీరుంటే ఒక్క మాట అడగండి: "అత్తా, ఏం పనికి పోయావు, ఎన్ని గంటలు ఒంగున్నావు?" ఇన్నాళ్లూ ఆమె నొప్పికి రేటు అడిగిన వాళ్లు ఉండారు గానీ, కారణం అడిగిన వాళ్లు లేరు.